మిద్దెల మీది వైరు

మా యాడికి ఊరి బజారువీధిలో అప్పటిదాకా జనానికి తెలిసిన వైర్లు కరెంటు వైరు, ఫోను వైరు, డిష్షు వైరు. వీటికి తోడు ఇంకో వైరు తెచ్చింది చౌడేశ్వరి. ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకు లాగే వైరు. బూడిదరంగులో, చెప్పుకోను గొప్పగా ఏమీ ఉండేది కాదు. దానికోసం మా వీధి ఆడోళ్లం చానా రోజులు టీవీలు ఆర్పేసుకుని కూర్చున్నామంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. నమ్మకపోతే పోనీ. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ముందు నేనెవరో చెప్పాల. ఆ వీధిలో చెనిక్కాయల, అదే వేరుశనక్కాయల, మండీ నడిపే బదరీనారాయణ శెట్టి మా మామ. నేను ఆయన కోడలు లక్ష్మీప్రసన్నను. కింద మండీ, పైన ఇల్లు. రోడ్డు మొగాన ఒక గది ఖాళీగా ఉండేది. 2002లో, ఎండాకాలం పోయినా వాన రాకుండా ఉత్త మబ్బులు తిరుగుతుండే రోజుల్లో, ఆ గది బాడిగకు అడగను చౌడేశ్వరి వచ్చింది. పక్క పల్లె నరసింహప్ప కూతురు. చెప్పులకు దుమ్ము, చేతిలో హెల్మెట్టంత మూట. మూటలో ఏముందంటే వైర్లు, కత్తెర, ఒక పట్టకారు.

మా మామ కొంచేపు ఆలోచించి, "గది ఇచ్చేదానికేం గానీ, పెళ్లి కాని పిల్లవి. ఒక్కదానివే అంగడి పెడితే నలుగురూ ఏమంటారో" అన్నాడు.

"ఆ నలుగురూ మీ దగ్గరికొస్తే నా దగ్గరికి పంపండి శెట్టీ. నేను మాట్లాడతా" అనింది చౌడేశ్వరి.

మా అత్త వరలక్ష్మమ్మ తలుపు చాటు నుంచి ఇదంతా వింటాండాది. బయటికొచ్చి ఆ పిల్లను పైనుంచి కిందిదాకా చూసి, "బీగం చెవి ఇచ్చేయండి" అని మా మామతో చెప్పి లోపలికి పోయింది. అంతే. మా ఇంట్లో అత్త రెండో మాట చెప్పేది ఉండదు.

చౌడేశ్వరికి తల్లి లేదు. నాయన నరసింహప్పకు మెట్ట చేను, కొన్ని గొర్రెలు. ఇంటర్ అయినాక అనంతపురం పోయి ఒక కంప్యూటర్ సెంటర్లో కోర్సు చేసి, ఆడనే పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో కుదురుకుంది. ఆ సెంటర్లో కంప్యూటర్లన్నిటినీ ఒకే నల్లటి వైరుతో మాల గుచ్చినట్టు కలిపినారంట. ఒక్క చోట వైరు కొసన బిగించే మూతి వదులైతే చాలు, గదిలో ఉండే కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడేది మానేసేవంట. యాడ వదులైందో వెతుక్కుంటా ఈ పిల్ల బల్లల కింద పాక్కుంటా పోయేది. ఓనరు ఒకటే నస. "నువ్వు టైపింగు చెప్పుకోమ్మా, వైర్ల పని మగపిల్లోళ్లు చూసుకుంటారు."

"బల్ల కింద దూరేదానికి మగాడైతే ఏంది, ఆడదైతే ఏంది సార్? తలకాయ తగలకుండా చూసుకోవాల, అంతే" అనేదంట.

ఆ పని ఆమె దగ్గరే నేర్చుకున్న ఒక పిల్లోడిని తీసుకుపోయి ఆమె మీదనే పెద్దగా కూర్చోబెట్టినారు. ఆ పొద్దే బీగాలు బల్ల మీద పెట్టి బస్సెక్కింది. నాకు ఈ సంగతి చెప్పినప్పుడు గొంతులో ఏడుపు లేదు. పంటి కింద రాయి పడినట్టు ముఖం పెట్టి చెప్పింది.

మా గదిలో రెండు కంప్యూటర్లు పెట్టింది. ఫోను ఒకటే. రెండింటికీ ఆ ఒక్క ఫోను నుంచే ఇంటర్నెట్టు వచ్చేట్టు చేసింది. మధ్యలో ఒక చిన్న డబ్బా, దాన్ని హబ్బు అంటారు, అందులో వైర్లు గుచ్చితే పచ్చలైట్లు మిణుకుమిణుకుమనేవి. పదో తరగతి రిజల్టు చూసుకునేటోళ్లు, దరఖాస్తులు టైపు చేయించుకునేటోళ్లు వచ్చేది మొదలుపెట్టినారు. వీళ్లందరికంటే ముఖ్యంగా మారెక్క వచ్చేది.

మారెక్క బస్టాండు దగ్గర పూలమ్ముతాది. కూతురు ఓబులమ్మ కువైట్లో ఒక ఇంట్లో పనికి పోయి, ఏండ్లయింది మనిషిని చూసి. శుక్రవారం ఓబులమ్మకు కాస్త తీరిక. ఆ పొద్దు మధ్యాహ్నం ఆ పిల్ల ఆడ ఒక నెట్ అంగట్లో, మారెక్క ఈడ మా గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని మాట్లాడుకునేవాళ్లు. మొదటిసారి మారెక్క కేకలు వేస్తే వీధంతా వచ్చింది.

"అరవద్దు మారెక్కా, మెల్లగా మాట్లాడినా వినపడతాది" అంటాది చౌడేశ్వరి.

"కువైటు దూరం గదమ్మీ!" అంటాది మారెక్క.

అట్ల సాగుతుండగా సుబ్బన్న సారు వచ్చినాడు. వీధికి ఆ పక్క చివర ఆయన బడి. కంప్యూటర్లు కొని పెట్టుకున్నాడు గానీ బడికి ఫోను రాలేదు. అర్జీ పెట్టి ఎన్నాళ్లో అయింది. పిల్లోళ్లకు ఇంటర్నెట్టు అనే మాట పలకను నేర్పిస్తాండాడు గానీ చూపించను లేదు. "నీ ఫోనన్నా కొంచేపు ఇయ్యమ్మా" అన్నాడు నవ్వుతా.

చౌడేశ్వరి నవ్వలేదు. వీధి చివరిదాకా చూసింది. "ఫోను ఇయ్యను సార్. నెట్టు ఇస్తా. ఈడ నుంచి వైరు లాగుతా" అనింది.

మరుసటి రోజు పొద్దున్నే నిచ్చెన వేసింది. అందరూ చేసేటట్టే కరెంటు స్తంభాలకు కట్టుకుంటా పోయింది. వైరు చానా దూరం పోతే దాంట్లో మాట సన్నగిల్లిపోతాదంట, అందుకని కింద గది నుంచి పైకెక్కినాక ఇంకో హబ్బు పెట్టాల. దాన్ని మా మిద్దె మీద మెట్లగదిలో పెట్టింది. ఎట్లా మా ఇంటి మీద నుంచే పోతాండాది గదా అని మా మండీలో కంప్యూటరుకు గూడ ఒక కొస ఇచ్చింది. నిచ్చెన మీద ఆ పిల్లను చూసి టీ అంగడి దగ్గర మగోళ్లు ఏవేవో అన్నారు. ఆ పిల్ల పైనుంచే, "మాటలు తర్వాత గానీ అన్నా, ఆ నిచ్చెన కాలు కొంచెం పట్టుకో, జారతాండాది" అనింది. మాటలన్నోడే వచ్చి పట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి బడిలో కంప్యూటర్లకు నెట్టు వచ్చింది. పిల్లోళ్ల అరుపు మా ఇంటిదాకా వినపడింది. మా మామ గూడ ఆ సాయంత్రం మండీలో కూర్చుని గుజరాతులో నూనె ధర చూసినాడు. చూసి, రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నాడు.

డిష్షు హనుమంతరాయుడు వచ్చింది దాని తర్వాత.

మండలమంతా డిష్షు కనెక్షన్లు ఆయనవే. తెల్లచొక్కా, బుల్లెట్ బండి, వెనకాల ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు మనుషులు. ఎవరినీ కొట్టినాడని నేను వినలేదు. కొట్టాల్సిన అవసరం రాలేదు ఆయనకు. ఇంజను ఆపకుండానే బండి గది ముందర నిలబెట్టి, "ఏం పాపా, వైర్లు లాగుతాండావంట" అన్నాడు.

"అవునన్నా. దిగి కూర్చో."

"కూర్చునేదానికి రాలే. ఈ వీధిలో పైన ఏ వైరు పోయినా అది నాది. తెలుసునా?"

"కరెంటు వైరు గూడ నీదేనా అన్నా?"

వెనకున్నోళ్లలో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. హనుమంతరాయుడు ఇంజను ఆపినాడు. గొంతు మెత్తగా పెట్టినాడు. "సూడు పాపా. నీ పని బాగుండాది. కాదనను. ఆ వైరు నాకప్పజెప్పు, నేను చూసుకుంటా. నువ్వు నా దగ్గర జీతానికి ఉండు. ఆడపిల్లవి, ఎండలో స్తంభాలెక్కే కర్మ నీకెందుకు?"

"జీతానికి ఉండి ఉండి వచ్చినానన్నా. ఇంక ఉండను."

"అయితే వైరు ఉండదు."

"లాగింది నేను. ఉండేది లేంది నేను చూసుకుంటా."

ఆయన బండి తిప్పుకుని పోయినాడు. మరుసటి రోజు బడి మొదలయ్యేసరికి రోడ్డు మీద వైరు తెగి వేలాడతాండాది. కత్తిరించినట్టు నున్నగా. చౌడేశ్వరి నిచ్చెనెక్కి అతికింది. మళ్లీ తెగింది. మళ్లీ అతికింది. మూడోసారి తెగినప్పుడు నిచ్చెన తేలేదు. నేరుగా టీ అంగడికి పోయింది. ఆడ హనుమంతరాయుడు కూర్చుని ఉన్నాడు. కరెంటు లైన్‌మ్యాన్ ఓబులేష్ గూడ టీ తాగుతాండాడు.

"హనుమంతరాయన్నా, ఈ స్తంభాలు నువ్వు నాటినావా?" అని అందరి ముందర అడిగింది.

ఆయన ఇంకో టీ చెప్పినాడు.

"ఓబులేషన్నా, నువ్వు చెప్పు. కరెంటు స్తంభాలు ఎవరివి?"

ఓబులేష్ గ్లాసులోకి చూసుకుంటా, "నన్నెందుకు లాగుతావు తల్లీ" అన్నాడు. ఆ పిల్ల కదలకుండా నిలబడింది. ఓబులేష్‌కు చెప్పక తప్పలేదు. "స్తంభాలు కరెంటోళ్లవి. చట్టప్రకారం నీ వైరూ కట్టగూడదు, ఆయన వైరూ కట్టగూడదు. ప్రాణాల మీదికొస్తాది ఎవరికైనా."

"మంచిదన్నా. నాది నేను ఈ పొద్దే విప్పేస్తా. ఆయనది ఎప్పుడు విప్పుతాడో అడుగు" అనింది చౌడేశ్వరి. అడిగేటోడు ఎవడూ లేడని ఆమెకు తెలుసు. అయినా అందరూ వినాలని అనింది. అన్నట్టుగానే సాయంత్రానికి స్తంభాల మీద నుంచి తన వైరంతా తానే విప్పి చుట్ట చుట్టుకుంది. హనుమంతరాయుడి మనుషులు పీడ పోయిందనుకున్నారు. నేను గూడ అట్లే అనుకున్నా.

ఆ మరుసటి రోజు ఆ పిల్ల ఇల్లిల్లూ తిరిగింది. స్తంభాలొద్దు, మిద్దెల మీద నుంచి పోతానని. మగోళ్లను అడగలేదు. మిద్దె మీద వడియాలు పెట్టేది, చెనిక్కాయలు ఆరబోసేది ఎవరో వాళ్లనే అడిగింది. "నీ మిద్దె అంచు మీద వైరు పోతాదక్కా. కాలికి తగలదు. తగిలితే పీకేయ్, నేను తిట్టను." మిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి మా వీధిలో. ఆడోళ్లు సరేనన్నారు. కొందరు నెట్టంటే ఏందో తెలియకుండానే సరేనన్నారు. అడిగినందుకు సరేనన్నారు. వాళ్లను ఎవరూ ఏదీ అడిగేది లేదు గదా.

రోడ్డు దాటేదే కష్టం. బడి ఆ పక్కన, మేము ఈ పక్కన. పైనుంచి పోతే మళ్లీ తెంచుతారు. వీధి మలుపులో మురుగు కాలువ రోడ్డు కింద పోతాది, పైన నాపబండలు పరిచినారు. ఆ బండల కింద నుంచి పోనిస్తానంది. కానీ తడి, ఎలుకలు. వైరుకు తొడుగు కావాల.

నరసింహప్ప తెచ్చినాడు తొడుగు. చేన్లో బోరేసి, డ్రిప్పు పైపులు పరిచి, బోరు ఎండిపోయి ఊరికే పడిన నల్ల పైపు. దాన్ని పెద్దచుట్ట చుట్టి భుజాన వేసుకుని పల్లె నుంచి నడిచొచ్చినాడు. కూతురుతో, "దీంట్లో నీళ్లయితే పారలే. నీదేందో అదన్నా పారనీ" అన్నాడు. ఇద్దరూ కలిసి బండలు జరిపి, కాలువలో దిగి, పైపులో వైరు దూర్చి ఆ పక్కకు లాగినారు. మోకాళ్లదాకా మురుగు. టీ అంగడోళ్లు ముక్కు మూసుకుని చూసినారు. బడికి మళ్లీ నెట్టు వచ్చింది.

హనుమంతరాయుడు ఈసారి వైరు ముట్టుకోలేదు. ఏ ఇంటి మిద్దె మీద చౌడేశ్వరి వైరు ఉందో ఆ ఇంటికి డిష్షు ఆపేసినాడు.

మొదటి దెబ్బ మా ఇంటికే. మా అత్తకు మధ్యాహ్నం ఒక సీరియలు, సాయంత్రం ఒకటి. అన్నం లేకపోయినా ఉంటాది గానీ అవి లేకుండా ఉండదు. మా మామ మండీ నుంచి పైకొచ్చి, గొంతు తగ్గించి చెప్పినాడు. "ఆ పిల్లకు చెప్పి వైరు తీయించేద్దాం. హనుమంతరాయుడితో మనకు పెట్టుకునేదానికి ఏముండాది? మనం వ్యాపారం చేసుకునేటోళ్లం."

అత్త ఆరిపోయిన టీవీ ముందర కూర్చుని ఉండె. "వైరు యాడుండాది?" అని అడిగింది.

"మిద్దె మీద."

"మిద్దె మీద అప్పడాలు పెట్టేదెవరు, ఊడ్చేదెవరు, వానొస్తే పరిగెత్తేదెవరు? ఆ పిల్ల వచ్చి నన్నడిగింది, నేను పెట్టుకోమన్నా. మీకు కావాలంటే మండీలో ఉండే కొస పీకేసుకోండి. నా మిద్దె జోలికి రావద్దు."

మామ కొస పీకలేదు. నూనె ధర చూసేది అలవాటైపోయింది ఆయనకు.

అన్ని ఇండ్లల్లో ఇట్ల జరగలేదు. రెండు ఇండ్ల మగోళ్లు మిద్దెలెక్కి వైరు పీకి వీధిలో పారేసినారు. ఆ ఇండ్ల ఆడోళ్లు తలుపులు వేసుకున్నారు. బడికి నెట్టు ఆగిపోయింది. చౌడేశ్వరి ఆ తునకలన్నీ ఏరుకొచ్చి గదిలో కూర్చుంది. నాకు భయమేసింది, ఇంక ఈ పిల్ల మూట కట్టుకుంటాదని. పోయి చూస్తే పట్టకారుతో ఆ తునకలకు కొత్త మూతులు బిగిస్తాండాది.

"ఏం చేస్తావమ్మీ ఇప్పుడు?" అన్నా.

"వెనక వరస మిద్దెలుండాయి గదక్కా. చుట్టుదోవ. ఇంకో హబ్బు కావాల, అంతే."

"భయం లేదా నీకు?"

"ఉండాది. భయపడితే చేతులు వణుకుతాయి, మూతి సరిగ్గా పడదు. అందుకని ముందు ఇది బిగించి, తర్వాత భయపడదామని" అనింది. నవ్వుతాందా, నిజంగా చెప్తాందా నాకు తెలియలేదు.

ఆ శుక్రవారం జరిగింది అసలు సంగతి. మారెక్క గంపతో వచ్చి, చెవులకు తగిలించుకుని కూతురుతో మాట్లాడతాండాది. ఓబులమ్మకు ఆడ జ్వరం. ఇంటోళ్లు డాక్టరు దగ్గరికి తీసుకుపోయినారా లేదా అని అడుగుతాండాది మారెక్క. ఆ పిల్ల "అమ్మా, నిన్న…" అనిందంట. అంతే, మాట ఆగిపోయింది. చౌడేశ్వరి ఫోను ఎత్తి చూస్తే చప్పుడు లేదు. బయటికొచ్చి చూస్తే ఫోను వైరు స్తంభం దగ్గర తెగి వేలాడతాండాది. డిష్షు మనుషులు ఇద్దరు నిచ్చెన భుజాన వేసుకుని పోతాండారు. "పొరపాటున తెగింది" అన్నారు.

మారెక్క ఏడవలేదు. గంప ఎత్తుకుని నేరుగా డిష్షు ఆఫీసుకు పోయింది. మేము ఆమె వెనకాల పోయినాం. గుమ్మం ముందర గంప దించి, అడ్డంగా కూర్చుంది.

హనుమంతరాయుడు బయటికొచ్చినాడు. "ఏం మారెక్కా, ఈడ కూర్చున్నావు?"

"నిన్నేం అడగను రాలేదప్పా. నా బిడ్డ 'నిన్న' అని ఒక మాట మొదలుపెట్టింది. నిన్న ఏమైందో నాకు తెలీదు. ఆ మాట నువ్వు తెంచినావు. మిగతా మాట తెచ్చియ్యి, లేసిపోతా."

"ఫోను వైరు నేనెందుకు తెంచుతా? పొరపాటు…"

"పొరపాటో, కావాలనో, నాకు తెలీదు. నా బిడ్డ మాట నాక్కావాల."

ఆయన ఏం చెప్పినా ఆమె అదే మాట. జనం మూగినారు. ఆయన మనుషులు ఆమెను లేపుదామని ఒకడుగు ముందుకేసి, చుట్టూ ఉన్న ఆడోళ్లను చూసి ఆగిపోయినారు.

అప్పుడు వచ్చింది మా అత్త. బజారుకు ఒంటరిగా ఎప్పుడూ పోని మనిషి. చేతిలో మా ఇంటి డిష్షు వైరు, టీవీ వెనక నుంచి కిటికీ దాకా ఉన్నదంతా పీకి చుట్టుకొచ్చింది. దాన్ని ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. "నువ్వు ఆపేసినావు, మళ్లీ ఎప్పుడిస్తావా అని ఎదురుచూస్తాండాననుకున్నావేమో. ఇదిగో, నేనే ఇచ్చేస్తాండా. నాకొద్దు" అనింది.

ఆయన ముఖం ఎర్రబడింది. ఏమనగలడు? శెట్టి భార్య. 

ఆ సాయంత్రానికి ఇంకో ఇల్లు. మరుసటి రోజు ఇంకొన్ని ఇండ్లు. డిష్షు బాగా వస్తుండేటోళ్లు గూడ పీకి తెచ్చి ఆ గుమ్మం ముందర పారేసినారు. మిద్దెల మీద వైరు పీకిన ఆ రెండు ఇండ్ల ఆడోళ్లు అందరికంటే ముందొచ్చినారు. ఒకామె మా చౌడేశ్వరిని చూసి, "రేపు మా మిద్దెక్కు, నిచ్చెన నేను పట్టుకుంటా" అనింది.

టెలిఫోనోళ్లు వచ్చి లైను సరిచేసినాక మారెక్కకు తెలిసింది, ఓబులమ్మకు నయమైందని. అయినా డిష్షు మాత్రం ఎవరూ పెట్టించుకోలేదు. హనుమంతరాయుడు నాలుగు రోజులు చూద్దామనుకున్నాడు. సీరియళ్లు లేకుండా ఆడోళ్లు ఉండలేరని ఆయన లెక్క. మధ్యాహ్నాలు ఏమీ తోచక మేము చౌడేశ్వరి గదిలో చేరేవాళ్లం. నేను ఊరికే కూర్చోలేక వైర్లకు మూతులు బిగించేది నేర్చుకున్నా. లోపల ఎనిమిది సన్న పోగులు ఉంటాయి, రంగుల వరస తప్పకూడదు. తెలుపు నారింజ, నారింజ, తెలుపు పచ్చ, నీలం… నేను తప్పు చెప్తే మా అత్త మూలన కూర్చుని బియ్యం ఏరుకుంటా సరిచేసేది. వినీ వినీ ఆమెకు స్తోత్రం మాదిరి నోటికొచ్చేసింది.

2003 మొదట్లో ప్రపంచకప్ క్రికెట్టు వచ్చింది. అప్పటిదాకా ఆడోళ్ల గొడవ అని నవ్విన మగోళ్లకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇండ్ల మీద పాత యాంటెనాలు గూడ లేవు, మ్యాచి ఉన్న రోజు టీవీ కోసం పక్క వీధులకు పోయినారు. ఒక్కొక్కడే పోయి హనుమంతరాయుడిని అడిగితే, "మీ ఆడోళ్లను వచ్చి అడగమనండి" అన్నాడు. ఆ మాట ఇండ్లకు చేరింది. "మేమేం అడగాల? అడగాల్సింది ఏమీ లేదు. ఆయనే చెప్పాల్సింది ఉండాది" అన్నారు ఆడోళ్లు.

ఒక పొద్దున, పదిమంది తిరిగే టైములో, బుల్లెట్టు మా ఇంటి ముందర ఆగింది. వెనక మనుషులు లేరు. మా అత్త మిద్దె మీద బట్టలు ఆరేస్తాండాది.

"అమ్మా, వైరు పెట్టించుకోండి. మనిషిని పంపిస్తా" అన్నాడు కింద నుంచి.

"ఆ పిల్ల వైరు సంగతి?"

"దాని జోలికి రాను."

"గట్టిగా చెప్పప్పా. నాకు చెవుడు" అనింది అత్త. ఆమెకు చెవుడు లేదు.

ఆయన అటూ ఇటూ చూసినాడు. టీ అంగడి కాడ అందరూ గ్లాసులు పట్టుకుని చూస్తాండారు. "ఆ పిల్ల వైరు జోలికి నేను రాను!" అని వీధంతా వినపడేట్టు చెప్పినాడు.

చౌడేశ్వరి గది గుమ్మంలో నిలబడి ఉండె. ఎగతాళి చేయలేదు, నవ్వలేదు. "మంచిదన్నా. మారెక్క ఆడ బస్టాండు కాడనే ఉంటాది. ఆమెకు గూడ ఒక మాట చెప్పిపో" అనింది.

ఆయన చెప్పలేదు. బండి తిప్పుకుని బస్టాండు తగలకుండా రెండో దోవలో పోయినాడు. మారెక్క ఆయనకు పూలమ్మలేదు, ఆయన ఇంట్లో పెండ్లి జరిగినప్పుడు గూడ. ఊర్లో పూలమ్మేది ఆమె ఒక్కతే. తాడిపత్రి నుంచి తెప్పించుకున్నారు.

ఆ వైరు తర్వాత చానా ఇండ్లకు, అంగళ్లకు పోయింది. మందుల అంగడి, ఎరువుల అంగడి, ఇంకో బడి. ఒక వానాకాలం పిడుగు పడి హబ్బులన్నీ మాడిపోయినాయి. మా మెట్లగదిలోది నల్లగా బొగ్గైంది. సుబ్బన్న సారు, "ఇంక చాలించుకుందామా తల్లీ" అన్నాడు. ఆ పిల్ల వారంలోపల కొత్తవి పెట్టి, మబ్బు కమ్మితే వైర్లు పీకేయమని ఇంటింటికీ చెప్పి వచ్చింది. మబ్బు చూసినప్పుడల్లా మిద్దెల మీదికి పరిగెత్తే ఆడోళ్లు బట్టల్తో పాటు వైర్లు గూడ పీకేది అలవాటు చేసుకున్నారు.

పెండ్లి సంబంధం ఒకటి వచ్చింది, గుంతకల్లు నుంచి. మా ఇంట్లోనే చూపులు. పిల్లోడి తల్లి, "పెండ్లయినాక ఈ మిద్దెలెక్కేది ఉండకూడదు" అనింది. చౌడేశ్వరి కాఫీ అందరికీ ఇచ్చి, గ్లాసులు తీసుకునేటప్పుడు, "అయితే ఈ పెండ్లే ఉండదమ్మా" అనింది. నరసింహప్ప తల వంచుకున్నాడు గానీ కూతురిని ఏమీ అనలేదు. కొన్నేండ్లకు తాడిపత్రిలో జిరాక్సు మిషన్లు బాగుచేసే ఒకతన్ని ఆమే తీసుకొచ్చి నాయనకు చూపించింది. ఆయనకు నచ్చినాడు.

ఫోను వైరులోనే వేగంగా నెట్టు రావడం మొదలైనాక మా వీధి వైరుతో ఎవరికీ పని లేకపోయింది. బడికీ మండీకీ ఎవరి లైను వాళ్లకు వచ్చింది. బాధపడతాదేమో అనుకున్నా. ఆమెకు తీరిక యాడిది? కాలేజీలు కంప్యూటర్ ల్యాబులు పెట్టుకునే కాలం అది. ఒక గదిలో వరసగా కంప్యూటర్లు, అన్నిటినీ కలిపేటోళ్లు కావాల. తాడిపత్రి, గుత్తి, అనంతపురం దాకా పిలిచేవాళ్లు. పని ఎక్కువై, "అక్కా, నువ్వు రా. రంగులు నీకొచ్చు గదా" అనింది నన్ను.

2007లో తాడిపత్రిలో ఒక కాలేజీకి ఇద్దరం పోయినాం. స్టోరు చూసుకునే ఆయన బీగం తీసి, మమ్మల్ని కుర్చీల్లో కూర్చోమని, "మీ సార్ వాళ్లు ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగినాడు.

"ఏ సార్ వాళ్లు?"

"అదే, పని చేసేటోళ్లు."

చౌడేశ్వరి కొంగు నడుముకు దోపుకుంది. "నిచ్చెన యాడుండాదో చూపించప్పా. పని చేసేటోళ్లు వచ్చేసినారు" అనింది.

ఆ నిచ్చెన ఆ పొద్దు ఆమె కంటే నేనే ఎక్కువసార్లు ఎక్కినా. సాయంత్రం హబ్బులో లైట్లన్నీ పచ్చగా వెలిగినాక ఆ స్టోరాయన టీ తెప్పించినాడు. మేము తాగినాం.

బదరీనారాయణ శెట్టి కోడలు తాడిపత్రిలో నిచ్చెనెక్కి వైర్లు కడతాండాదని మాకంటే ముందే యాడికికి కబురు చేరింది. మరుసటి రోజు మండీకి వచ్చినోళ్లు ఊరుకోలేదు. "ఏం శెట్టీ, మీ కోడలు నిచ్చెనెక్కిందంట గదా?" అని అడిగినారు. పైన కిటికీలో నేను వింటాండా.

మా మామ తూకం చూసుకుంటా తల ఎత్తకుండానే చెప్పినాడు. "ఎక్కితే ఏమప్పా? పడలేదు గదా."